వాడి దగ్గరున్న ఓపిక మన ఇళ్ళలో లేదు

కంప్యూటర్ సపోర్ట్ వాళ్ళమంటూ ఎవరో ఫోన్ చేసి ఫలానా ఆయన ఖాతా ఊడ్చేశారట అని తెలియగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "అంత చదువుకున్నాడు, ఆ మాత్రం తెలియలేదా?" రెండో మాట, "ఎక్కడో ఆశకు పోయుంటాడు." నేను తెనాలిలో కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే షాపు నడుపుతాను. అలా పోగొట్టుకున్నవాళ్ళు పోలీసుల దగ్గరికి వెళ్ళేముందో, అసలు వెళ్ళకుండానో, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా దగ్గరికి వస్తారు. "ఫార్మాట్ కొట్టెయ్ బాబూ, మావాడికి మాత్రం చెప్పకు" అంటారు. ఇలాంటివాళ్ళతో కూర్చుని మాట్లాడాక ఆ రెండు మాటలూ తప్పనే అభిప్రాయానికి వచ్చాను. ఈ మోసంలో తెలివితక్కువతనం పాత్ర చాలా తక్కువ, ఆశ పాత్ర అంతకంటే తక్కువ. భయపడి పోగొట్టుకుంటున్నారు, మొహమాటపడి పోగొట్టుకుంటున్నారు, అన్నిటికంటే ఎక్కువగా ఆ గంటలో పక్కన అడగడానికి ఒక మనిషి లేక పోగొట్టుకుంటున్నారు. అలాంటివాళ్ళకి పేపర్లలో, కాలర్ ట్యూన్లలో "అప్రమత్తంగా ఉండండి" అని ఎన్నిసార్లు చెప్పినా ఒరిగేది పెద్దగా లేదని నా వాదన.

ముందు ఆ ఫోన్ ఎలా నడుస్తుందో చూడండి. అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న ఒక పెద్దావిడకి కాల్ వస్తుంది, "విండోస్ టెక్నికల్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం మేడమ్, మీ కంప్యూటర్ నుంచి మాకు ఎర్రర్ సిగ్నల్స్ వస్తున్నాయి." 2008 ప్రాంతంలో మొదలైన పాట ఇది, ఇప్పటికీ కొంచెం కొంచెం రాగం మార్చి పాడుతూనే ఉన్నారు. ఆవిడ నమ్మదు. నమ్మకపోతే వాడు వాదించడు, "మీరే చూసుకోండి" అంటాడు. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కమంటాడు, వచ్చిన చిన్న డబ్బాలో ఈ ఫర్ ఎలిఫెంట్, వీ ఫర్ వ్యాన్ అంటూ ఎనిమిది అక్షరాలు ఒక్కొక్కటే టైప్ చేయిస్తాడు, ఎంటర్ కొట్టమంటాడు. ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంటుంది. అందులో అడ్మినిస్ట్రేటివ్ ఈవెంట్స్ నొక్కమంటాడు. స్క్రీన్ నిండా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు, పక్కన ఎర్రర్, ఎర్రర్, వార్నింగ్, ఎర్రర్. కిందికి లాగుతుంటే అయిపోవు, వందల్లో ఉంటాయి. "ఇవన్నీ వైరస్సే మేడమ్."

ఇది చదువుతున్నవాళ్ళు విండోస్ కంప్యూటర్ ముందు ఉంటే ఇప్పుడే తెరిచి చూసుకోండి. నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లో కూడా ఉంటాయి. ఏదో సర్వీస్ మొదలవడానికి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంది, ఎక్కడో నెట్ ఒక్క క్షణం పోయింది, ఫలానా ప్రోగ్రాముకి ఫలానా అనుమతి దొరకలేదు, ఇలాంటివే అన్నీ. 10016 నంబరుతో ఒక వార్నింగ్ పదే పదే కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే రాసింది. మాలాంటి రిపేరువాళ్ళు ఏదైనా సిస్టం మాటిమాటికీ ఆగిపోతుంటే చూసుకోవడానికి పెట్టిన డైరీ అది. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌కీ ఆ డైరీ ఎర్రగానే ఉంటుంది.

ఇంకా నమ్మకపోతే రెండో అస్త్రం. నల్ల స్క్రీన్ తెరిపించి ఒక చిన్న కమాండ్ కొట్టిస్తాడు, గడగడా బోలెడు లైన్లు పరుగెత్తి చివర్లో 888తో మొదలై 062తో ముగిసే పొడవాటి కోడ్ ఒకటి కనిపిస్తుంది. "మీ కంప్యూటర్ లైసెన్స్ ఐడీ మా రికార్డుల్లో ఉంది, నేను చదువుతాను, సరిపోతుందేమో చూడండి" అని అక్షరం తప్పకుండా చదువుతాడు. ఆవిడ కళ్ళ ముందు సరిపోతుంది. నా కంప్యూటర్ గురించి ఇంత తెలిసినవాడు కంపెనీవాడు కాకుండా ఇంకెవరు? అసలు సంగతేమిటంటే ఆ కోడ్ ప్రపంచంలో ఉన్న విండోస్ కంప్యూటర్లన్నిటిలో ఒకటే, జిప్ ఫైల్ చేసే ఒక మెనూకి సంబంధించిన గుర్తింపు సంఖ్య. నా షాపులో బల్ల మీద విప్పి పెట్టిన సిస్టమ్స్‌లోనూ అదే ఉంది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఇందులో వాడు చూపించిన ప్రతిదీ నిజమే. ఎర్ర గుర్తులు నిజం, కోడ్ నిజం. ఆమె తన చేత్తో తెరిచి, తన కళ్ళతో చూసి, నిర్ధారించుకుంది. "ఎవరేం చెప్పినా గుడ్డిగా నమ్మకు, స్వయంగా చూసుకో" అని మనం పిల్లలకి నేర్పేది ఆమె తు.చ. తప్పకుండా చేసింది. అర్థం మాత్రం వాడు చెప్పాడు. కాబట్టి చదువుకున్నవాళ్ళు ఇందులో ఎలా పడతారు అనే ప్రశ్నే అడ్డగోలుగా ఉంది. ఆధారం చూపిస్తే ఒప్పుకునే అలవాటు చదువుకున్నవాళ్ళకే ఎక్కువ.

ఈ మధ్య వాళ్ళే ఫోన్ చేసే శ్రమ కూడా తగ్గించుకున్నారు. ఏదో వెబ్‌సైట్ చూస్తుంటే, చాలాసార్లు ఒక యాడ్ లోంచి, స్క్రీన్ మొత్తం ఎర్రగానో నీలంగానో నిండిపోతుంది, స్పీకర్లోంచి సైరన్, ఒక ఆడగొంతు "కంప్యూటర్ ఆపవద్దు" అని హెచ్చరిక, మధ్యలో కాల్ చేయమని ఒక నంబర్. మౌస్ పనిచేయనట్టు అనిపిస్తుంది. నిజానికి అది బ్రౌజర్‌ని ఫుల్ స్క్రీన్ చేసిన ఒక పేజీ, అంతే. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే చాలావరకు బయటికి వస్తుంది, రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ని మూసేయొచ్చు, అదీ తెలియకపోతే పవర్ బటన్ ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి, ఏమీ కాదు. మళ్ళీ ఆన్ చేశాక పాత పేజీలు తెరవమంటావా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి, అది మాత్రం మర్చిపోకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. స్క్రీన్ మీద నంబర్ కనిపించిందంటేనే అది దొంగదని ఇంటిల్లిపాదికీ చెప్పొచ్చు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలుండే మన అమ్మానాన్నలకి ఇది ముఖ్యంగా చెప్పాలి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు, కాలక్షేపానికి తెలుగు సినిమాలు ఉచితంగా చూపించే సైట్లన్నీ తిరుగుతారు, ఆ సైట్లలో వచ్చే యాడ్లేమో ఇలాంటివి. మంచి యాడ్ బ్లాకర్ ఒకటి వేసి ఇవ్వడం వంద జాగ్రత్తలు చెప్పడం కంటే నయం.

ఆశకు పోయారనే ఆరోపణ సంగతి. యాంటీవైరస్ సబ్‌స్క్రిప్షన్ రెన్యూ అయింది, 399 డాలర్లు మీ ఖాతాలోంచి కట్ అయ్యాయి, వద్దనుకుంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని ఒక మెయిల్ వస్తుంది. ఆయన తను కొనని దానికి డబ్బు పోయిందని ఫోన్ చేస్తాడు. రీఫండ్ ఇస్తామంటూ రిమోట్‌లో కంప్యూటర్లోకి దూరి, ఆయన చేతనే బ్యాంక్ పేజీ తెరిపిస్తారు. ఆ పేజీలో కనిపించే అంకెల్ని బ్రౌజర్లోనే మార్చేయొచ్చు, వెబ్ పేజీలు తయారుచేసే ప్రతి కుర్రాడికీ తెలిసిన పని, బ్యాంకులో ఏమీ మారదు, స్క్రీన్ మీద మాత్రం 399 రావలసిన చోట 39,900 వచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు అవతలివాడు ఏడుపు మొదలెడతాడు. "సార్, పొరపాటున రెండు సున్నాలు ఎక్కువ పడ్డాయి, మా మేనేజర్‌కి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, చిన్న పిల్లలున్నారు సార్, ఎక్కువ వచ్చింది వెనక్కి పంపండి." తనది కాని సొమ్ము తన దగ్గర ఉండకూడదనుకునే మనిషి పంపేస్తాడు. బజారుకెళ్ళి గిఫ్ట్ కార్డులు కొని వెనక గీకి నంబర్లు చదువుతాడు, లేదా నోట్ల కట్టలు పుస్తకాల మధ్య పెట్టి పార్సిల్ చేస్తాడు. ఇందులో ఆశ ఎక్కడుంది? అదే డబ్బు నొక్కేద్దామనుకునే మనిషైతే ఈ మోసానికి అసలు దొరకడు.

ఈ ఫోన్లు ఎక్కడి నుంచి వెళ్తున్నాయో మనకందరికీ తెలుసు, కానీ మన బంధువుల పెళ్ళిళ్ళలో దీన్ని నవ్వుతూ మాట్లాడతారు. కోల్‌కతా, గురుగ్రామ్, నోయిడా. మైక్రోసాఫ్ట్ ఫిర్యాదుల మీద 2018లో ఢిల్లీ చుట్టుపక్కల పోలీసులు వరసగా కాల్ సెంటర్ల మీద పడ్డారు. 2022లో సీబీఐ ఆపరేషన్ చక్ర మొదలుపెట్టింది, 2023 అక్టోబరులో దాని రెండో విడతలో 76 చోట్ల సోదాలు చేసింది, అందులో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులున్నాయి. ఇదేదో ఉత్తరాది వ్యవహారం అనుకునేవాళ్ళు 2025 మేలో మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో పట్టుబడ్డ ముఠా సంగతి గుర్తుతెచ్చుకోవాలి. ఫ్లాట్లు అద్దెకి తీసుకుని, బయటి రాష్ట్రాల కుర్రాళ్ళని కూర్చోబెట్టి, అమెజాన్ వాళ్ళమంటూ అమెరికన్ల చేత గిఫ్ట్ కార్డులు కొనిపించారు. కంప్యూటర్ సపోర్ట్, కస్టమర్ సపోర్ట్ పేరుతో జరిగిన మోసాల్లో జనం పోగొట్టుకున్నామని అమెరికా ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేసిన మొత్తం 2024 ఒక్క సంవత్సరానికే 146 కోట్ల డాలర్లు దాటింది. ఎక్కువ పోయింది అరవై దాటినవాళ్ళకే.

"పోతే పోయింది, తెల్లవాడి డబ్బేగా, మన దగ్గర కొట్టుకుపోయిందాంట్లో ఇదెంత" అనేవాళ్ళని నేను చూశాను, డిగ్రీలున్నవాళ్ళనే. ఆ మాట అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఒకటి, పోయింది ఏ సామ్రాజ్యానికీ కాదు, పింఛను మీద బతికే ఒక ముసలావిడకి. రెండు, ఆ గదుల్లో కూర్చుని గొంతు మార్చడం, భయపెట్టడం, ఓదార్చడం, చివరికి డబ్బు లాగడం నేర్చుకున్న విద్య అక్కడే ఆగిపోలేదు. ఇవాళ మనకి కస్టమర్ కేర్ అని, సీబీఐ అని, డిజిటల్ అరెస్ట్ అని వస్తున్న ఫోన్లు వింటే పద్ధతి అదే. డిజిటల్ అరెస్ట్ గురించి 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో మాట్లాడాల్సి వచ్చిందంటే ఇంటి దాకా వచ్చినట్టే కదా.

పిల్లల్ని చదువుకి అమెరికా పంపినవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ మోసాల్లో డబ్బు, బంగారం బాధితుల ఇంటికే మనిషిని పంపి తెప్పించుకుంటున్నారని 2024 జనవరిలో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ పార్సిల్ తీసుకోడానికి వెళ్ళి మన దేశపు విద్యార్థులు కొందరు చేతికి బేడీలతో వార్తల్లోకెక్కారు. "ఒక కవర్ తీసుకొచ్చి ఇస్తే ఇంత ఇస్తాం" అనే పార్ట్ టైమ్ పని వస్తే దాని అర్థం ఇదే అని వాళ్ళకి విమానం ఎక్కేముందే చెప్పండి.

మన ఊళ్ళలో ఈ మోసం వేరే వేషంలో వస్తుంది. ఇక్కడ విండోస్ అని ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోరు, చాలామంది ఇళ్ళలో కంప్యూటరే లేదు. ఇక్కడ మనమే వాళ్ళకి ఫోన్ చేస్తాం. ఫ్రిజ్ పనిచేయలేదు, కొరియర్ రాలేదు, బ్యాంక్ యాప్ తెరుచుకోలేదు, ప్రింటర్ పలకడం లేదు, వెంటనే గూగుల్‌లో ఆ కంపెనీ పేరు పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని కొడతాం, పైన కనిపించిన దానికి ఫోన్ చేస్తాం. ఆ నంబర్ యాడ్ రూపంలో డబ్బు కట్టి పెట్టింది కావచ్చు, మ్యాప్‌లో ఎవడో మార్చింది కావచ్చు. మనమే చేశాం కాబట్టి అనుమానం రాదు. ప్రింటర్ సంగతైతే నాకు రోజూ కనిపించేదే: డ్రైవర్ కోసం వెతికితే కంపెనీ సైటు లాంటి సైటే వస్తుంది, డౌన్‌లోడ్ అవుతున్నట్టు పచ్చ గీత నడుస్తుంది, 90 దాటాక ఎర్రర్ వస్తుంది, కింద ఒక నంబర్. ఆ గీత ఉత్త బొమ్మ. ఏ ప్రింటర్‌కైనా, ఎవరు ప్రయత్నించినా అక్కడే ఆగుతుంది.

తర్వాత దూరం నుంచే మన కంప్యూటర్‌ని, ఫోన్‌ని చూడనిచ్చే ఎనీడెస్క్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ వేయమంటాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పేం లేదు, నేనూ రోజూ దానితోనే బాపట్లలోనో రేపల్లెలోనో ఉన్న కస్టమర్ల సిస్టమ్స్ చూస్తుంటాను. దానిలో కనిపించే అంకెలు అవతలివాడికి చెప్పి, అనుమతి నొక్కామంటే మన స్క్రీన్ వాడి ఎదుట ఉన్నట్టే. ఫోన్‌లో వేశారనుకోండి, వచ్చే ఓటీపీ మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు, వాడే చదువుకుంటాడు. రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే దీని గురించి బ్యాంకుల్ని హెచ్చరించింది. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అనే పాఠం కంఠతా వచ్చినవాళ్ళు కూడా అందుకే పోగొట్టుకుంటున్నారు, వాళ్ళు నిజంగానే ఎవరికీ చెప్పలేదు. రీఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ ఒక్కటి మాత్రం చాలామందికి ఎక్కింది, సంతోషం.

ఇంతకీ అవగాహన ఉంటే చాలదా? జిమ్ బ్రౌనింగ్ అనే పేరుతో ఉత్తర ఐర్లాండ్ ఆయన ఒకరు యూట్యూబ్ వీడియోలు చేస్తాడు. ఈ కాల్ సెంటర్ల కంప్యూటర్లలోకి తిరిగి దూరి, వాళ్ళ సీసీ కెమెరాల్లోంచే వాళ్ళని చూపించాడు. గురుగ్రామ్‌లోని ఒక కాల్ సెంటర్ లోపల ఏం జరుగుతోందో 2020లో బీబీసీ ఆయన సాయంతోనే ప్రసారం చేసింది. ఈ మోసం గురించి ఆయన కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు భూమ్మీద బహుశా కొద్దిమందే. 2021 జూలైలో యూట్యూబ్ సపోర్ట్ అని వచ్చిన ఒక మెసేజ్ నమ్మి ఆయన తన ఛానల్‌ని తనే డిలీట్ చేసుకున్నాడు. తర్వాత తిరిగి వచ్చిందనుకోండి. దాచుకోకుండా లోకానికి చెప్పాడు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది నాకు.

ఆయనకే జరిగిందంటే అప్రమత్తత మీద ఆధారపడే రక్షణ ఎంత బలహీనమో తెలుస్తోంది. మనిషి ఇరవై నాలుగు గంటలూ అప్రమత్తంగా ఉండలేడు. ఇంట్లో జ్వరం మనిషి ఉన్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, ఏదో బిల్లు టెన్షన్లో ఉన్నప్పుడు ఆ ఫోన్ వస్తుంది. అవతలివాడికి రోజుకి వంద ఫోన్లు చేసుకునే వీలుంది, మనం ఒక్కదాంట్లో తడబడితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా షాపుకి వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరున్నారు. పింఛను కాగితాలు ఇంట్లోనే ప్రింట్ తీసుకుందామని ప్రింటర్ కొనుక్కున్నారు. కొడుకు బెంగళూరులో. కేబుల్ పెట్టారు, రాలేదు, కొడుక్కి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, వాట్సాప్‌లో పెట్టు" అన్నాడు, పెట్టారు, రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఆయనే వెతుక్కున్నారు, పైన చెప్పిన పచ్చ గీత దగ్గర ఆగారు, నంబర్‌కి ఫోన్ చేశారు. హిందీ కలిసిన ఇంగ్లీషులో ఒకతను దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. నెట్‌వర్క్‌లో హ్యాకర్లున్నారన్నాడు, ముందు 1,999కి క్లీనింగ్ అన్నాడు, కార్డు వివరాలు పెట్టించాడు, ఆ తర్వాత ఖాతాలోంచి పోవలసింది పోయింది. ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి ఆయన అన్న మాట: "వాడు దొంగేనయ్యా, కాదనను. కానీ ఏ బటన్ ఎక్కడుందో రెండు గంటలసేపు ఒక్కసారి విసుక్కోకుండా చెప్పాడు. మావాడైతే 'ఇటివ్వండి' అని లాక్కుని రెండు నొక్కులు నొక్కి ఇచ్చేస్తాడు. ఏం నొక్కాడో నాకెప్పుడు తెలియాలి?"

"మీ అబ్బాయికి చెప్పారా మాస్టారూ?"

"చెప్తే ఫోన్ కూడా లాక్కుంటాడు."

నా దృష్టిలో ఈ మోసం మొత్తం ఆ చివరి వాక్యంలో ఉంది. ఫోన్ చేసేవాడు చెప్పే మొదటి షరతు లైన్ కట్ చేయొద్దని. రెండోది ఎవరికీ చెప్పొద్దని, బ్యాంకువాళ్ళు అడిగితే ఇంటి రిపేరుకని చెప్పమని కూడా నేర్పుతారు. ఎందుకంటే మూడో మనిషి చెవిన పడ్డ క్షణం ఈ నాటకం నిలబడదు, బయట నిలబడి విన్నవాడికి అది అంత పేలవంగా ఉంటుంది. ఆ మూడో మనిషిని అవతలివాడు ఎంత కష్టపడి దూరం పెట్టాలి? మన ఇళ్ళలో అంత కష్టం కూడా లేదు, తిడతారని భయపడి ఆ పెద్దాయనే దూరం పెట్టేస్తున్నాడు. "నీకెన్నిసార్లు చెప్పాలి నాన్నా", "నీకు ఆ ఫోన్ ఎందుకమ్మా", "తెలియనప్పుడు ముట్టుకోకూడదు", ఇవి ఏ మోసగాడూ కొనలేని సాయం.

ఈ సిగ్గు ఖరీదు డబ్బులో కూడా లెక్క కట్టొచ్చు. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన నిబంధన ప్రకారం ఖాతాదారుడి అజాగ్రత్త వల్ల, అంటే పిన్ లాంటివి బయటపెట్టడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి చెప్పేవరకూ జరిగిన నష్టం ఆయనదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. పోయిన డబ్బు ముందు ఎవరిదో అద్దె ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ముక్కలై పది ఖాతాలకి పోతుంది, చివరికి నోట్లుగానో క్రిప్టోగానో బయటికి పోతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే దారిలో ఎక్కడో ఒకచోట ఆ సొమ్మును ఆపించే ఏర్పాటు ఉంది, సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఇదంతా మొదటి గంటల్లో జరగాలి. మాస్టారు నా దగ్గరికి వచ్చింది మూడో రోజు. ఆ రెండు రోజులూ ఆయన ఇంట్లో ఏం జరగనట్టు కాఫీ తాగుతూ, పేపర్ చదువుతూ కూర్చున్నారు.

అందుకని మా షాపుకి వచ్చే పిల్లలకి, అంటే నలభై ఏళ్ళ పిల్లలకి, నేను చెప్పేది ఇది. మీ అమ్మానాన్నలకి మోసాల గురించి క్లాసు పీకడం ఆపండి, ఎవరికి ఫోన్ చేయాలో తేల్చండి. ఒక పేరు, ఒక నంబర్. కొడుకే కానక్కర్లేదు, వీధి చివర ఉండే మేనల్లుడైనా సరే, ఎదురింటి డిగ్రీ పిల్లయినా సరే. డబ్బు, కంప్యూటర్, ఓటీపీ, పోలీసు, వీటిలో ఏ మాట వినిపించినా లైన్ కట్ చేసి ఆ నంబర్‌కి చేయాలి. "ఒక్క నిమిషం, మావాణ్ణి అడిగి చెప్తాను" అని అవతలివాడి దగ్గర సెలవు తీసుకోనక్కర్లేదు, వాడు సెలవివ్వడు. మాట మధ్యలో కట్ చేయడం మన పెద్దవాళ్ళకి చాలా కష్టం, ఎదుటి మనిషి సార్ అంటుంటే ఫోన్ పెట్టేయడం తప్పుగా తోస్తుంది. అది తప్పు కాదని ఎవరో ఒకరు వాళ్ళకి గట్టిగా చెప్పాలి. వీలైతే ఒకసారి అభ్యాసం చేయించండి, మీరే వేరే నంబర్ నుంచి చేసి, వాళ్ళ చేత ముఖాన కట్ చేయించండి. నవ్వుకుంటారు, గుర్తుంటుంది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు అనాల్సింది కూడా ముందే అనుకోండి. ఎందుకెత్తావ్, ఎందుకు చెప్పావ్, ఈ రెండూ ఆ పూటకి వద్దు. "మంచిపని చేశావు, ఇప్పుడు ముందు వైఫై ఆపు" అనండి. మీటింగ్‌లో ఉంటే మీటింగ్ ఆపండి. మేము ఉద్యోగాలు చేసుకోవద్దా అని ఒకాయన నా మీద విసుక్కున్నాడు. నెలకి ఒకసారో రెండుసార్లో పది నిమిషాలు. వాడు రెండు గంటలు ఇస్తున్నాడండీ.

మిగతావి చిన్న చిన్న ఏర్పాట్లు. యూపీఐకి నెల ఖర్చులు మాత్రమే ఉండే ఖాతా ఒకటి కలపండి, రిటైర్మెంట్ డబ్బు ఉన్న ఖాతాకి ఆన్‌లైన్ లావాదేవీల పరిమితి బ్యాంకులో అడిగి తగ్గించండి. ఇది చాలామంది చేయరు, నన్నడిగితే మిగతా అన్నిటికంటే విలువైనది ఇదే, ఎందుకంటే ఇది పనిచేయడానికి ఎవరూ తెలివిగా ఉండక్కర్లేదు. బ్యాంక్ నంబర్ కార్డు వెనక ఉంటుంది, ప్రింటర్ కంపెనీ నంబర్ అట్టపెట్టె మీదో, వారంటీ కాగితంలోనో ఉంటుంది, అవి పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్ పక్కన అతికించండి, గూగుల్‌లో వెతికే అవసరమే రాకూడదు. కంప్యూటర్లో వాళ్ళకి అడ్మిన్ హక్కులు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్లు వేసే అధికారం, లేని ఖాతా పెట్టొచ్చు, కొంత ఆపుతుంది, అయితే రిమోట్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తాయి కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోకండి.

అప్పటికే లోపలికి రానిచ్చేసి ఉంటే మొదట నెట్ తెంచాలి, రౌటర్ స్విచ్ ఆపేసినా చాలు, ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్. మరో ఫోన్ నుంచి బ్యాంకుకి, 1930కి. పాస్‌వర్డ్‌లు మార్చేది కూడా వేరే పరికరం నుంచే, ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. వచ్చిన మెసేజ్‌లు, కాల్ లిస్ట్, రిమోట్ సాఫ్ట్‌వేర్లో మిగిలిన వివరాలు ఫోటోలు తీసి పెట్టుకున్నాకే మాలాంటివాళ్ళ దగ్గరికి ఫార్మాట్‌కి తీసుకురండి. ముందే ఫార్మాట్ కొట్టిస్తే పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలదు. "ముందు 1930కి చేశారా" అని అడగకుండా నేనైతే ల్యాప్‌టాప్ తెరవను, కొందరు కోపంగా వేరే షాపుకి వెళ్ళిపోతారు, వెళ్ళనీ.

ఇదంతా అయ్యాక కొన్ని వారాలకి ఇంకో ఫోన్ వస్తుంది. సైబర్ సెల్ నుంచి అనో, లాయర్ అనో, రికవరీ ఏజెన్సీ అనో. "మీ డబ్బు దొరికింది సార్, ప్రాసెసింగ్ ఫీజు కడితే విడుదల చేస్తాం." ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు, నంబర్లు, పోయిన మొత్తాలతో సహా ఆ ముఠాల మధ్య అమ్ముడవుతుంటాయి, అందుకే అన్ని వివరాలూ కరెక్టుగా చెప్తాడు. మాస్టారికీ వచ్చింది. ఈసారి ఆయన కట్ చేసి నాకు ఫోన్ చేశారు, కొడుక్కి కాదు.